ఫోన్ దయ్యాల సినిమాలు ఎట్ల చూడాలి: ఒక పాత ఎస్టీడీ బూత్ ఓనరు చెప్పే పద్ధతి

మా ఇంట్లో శుక్రవారం రాత్రి దయ్యం సినిమా పెట్టాలంటే రిమోట్ నా చేతికిస్తారు. నాకు సినిమాలు బాగా తెలుసని కాదు. 1993 నుంచి 2006 దాకా హన్మకొండ నయీంనగర్‌లో నాకు ఎస్టీడీ బూత్, అంటే డబ్బులిచ్చి దూరం ఊళ్లకు ఫోన్ చేసుకునే చోటు, ఉండేది, అందుకని. ఆ పదమూడేళ్లూ అద్దం తలుపు అవతల ఫోన్ పట్టుకున్న మనిషిని చూస్తూ ఇవతల కూర్చోవడమే నా పని. మాట వినపడదు. ముఖం కనపడుతుంది, మీటర్ మీద ఎర్ర అంకెలు పరిగెత్తడం కనపడుతుంది. రాత్రి 11 దాటితే పావు రేటు కాబట్టి యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు పదిన్నరకే వచ్చి లైన్ కట్టేవాళ్లు. అంతమందిని చూశాక నాకు ఒక లెక్క దొరికింది. మంచి కబురు విన్న మనిషి అద్దం వైపు తిరుగుతాడు. చెడ్డ కబురైతే గోడ వైపు తిరుగుతాడు. చాలా ఏళ్ల తర్వాత ఈ సినిమాలు చూస్తుంటే మళ్లీ బూత్‌లో కూర్చున్నట్టే అనిపించింది.

ఈ మధ్య మా మేనల్లుడు "మామా, ఫోన్ దయ్యాల సినిమాలు ఒక లిస్టు రాసియ్యి, దోస్తులకు పంపుత" అన్నాడు. రాసిచ్చాను. వాళ్లు నలుగురు కలిసి ఒక్క రాత్రిలో మూడు సినిమాలు, అదీ సెల్‌ఫోన్‌లో, బిర్యానీ తింటూ చూసేసి "ఏం భయం కాలే మామా" అన్నారు. ఎందుకవుతుంది? పెళ్లిలో వడ్డించినట్టు చూస్తే ఏ దయ్యమైనా సిగ్గుపడి పోతుంది. లిస్టు ఇస్తే సరిపోదు, ఎట్ల చూడాలో కూడా చెప్పాలని అప్పుడు అర్థమైంది.

ముందు ల్యాండ్‌లైన్ నేర్చుకోండి

ఇరవై ఏళ్ల పిల్లలకు ల్యాండ్‌లైన్ తెలియదు. అది తెలియకపోతే ఈ సినిమాల్లో సగం వాళ్లకు అందవు. మావాడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే: "ఇంట్ల కరెంటు పోయింది కద మామా, ఫోన్ ఎట్ల మోగింది? తప్పు తీసిండు."

తప్పు తీయలేదు. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు మన ఇంటి మీటర్ నుంచి రాదు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ నుంచి అదే తీగలో వస్తుంది. అక్కడ బ్యాటరీలుంటాయి. మామూలప్పుడు తీగలో 48 వోల్టులు. ఫోన్ మోగేటప్పుడు మాత్రం 75 వోల్టులో, అంతకంటే ఎక్కువో వస్తుంది, అదీ ఏసీ. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒక వానాకాలం సాయంత్రం బూత్‌లో తీగ ఊడిపోతే తడిచేత్తో మెలిపెడుతున్నాను. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేశారు. మోచేయి దాకా జివ్వుమంది. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు, ఎత్తే పరిస్థితిలో లేను. కాబట్టి సినిమాలో వాన, ఉరుము, ఇల్లంతా చీకటి, అయినా ఫోన్ మోగిందంటే నమ్మండి. ఊరంతా చీకటైనా ఆ తీగలో ప్రాణం ఉంటుంది. పాత సినిమాల వాళ్లు దీన్ని బాగా వాడుకున్నారు. అదే తీగ లేని కార్డ్‌లెస్ ఫోన్ అయితే కరెంటు పోగానే చచ్చిపోతుంది, దాని బేస్ మన ఇంటి ప్లగ్గు మీద బతుకుతుంది కాబట్టి. సినిమాలో ఏ ఫోన్ ఉందో చూసుకుని అప్పుడు తప్పు పట్టండి.

రెండోది, ఫోన్ పెట్టేసినా లైన్ తెగకపోవడం. పాత ఎక్స్‌ఛేంజీల్లో ఫోన్ చేసినవాడు పెట్టేస్తేనే లైన్ వదిలేది. మనం పెట్టేసి మళ్లీ ఎత్తితే వాడు అక్కడే ఉంటాడు, ఊపిరి తీస్తూ. ఇప్పటి పిల్లలకు ఇది కథలా ఉంటుంది. వాళ్లకు ఎర్ర బటన్ నొక్కితే మనిషి పోతాడు. మాకు పోయేవాడు కాదు.

మూడోది క్రాస్ టాక్. వానలు పడి కేబుల్‌లోకి నీళ్లు పోతే మన లైన్లో ఇంకెవరి మాటలో వినపడేవి. 1996లో అనుకుంటా, జూలైలో వారం రోజులు మా బూత్ ఫోన్ ఎత్తితే చాలు, ఎవరిదో పెళ్లి సంబంధం బేరం వినపడేది. స్కూటర్ దగ్గర ఆగిపోయింది. అబ్బాయి తరఫువాళ్లు కదలరు, అమ్మాయి తరఫువాళ్లు వదలరు. లైన్లో నిలబడ్డ కస్టమర్లు కూడా "ఏమైంది, స్కూటర్ ఒప్పుకున్నరా?" అని అడిగేవాళ్లు. కేబుల్ బాగు చేశారు, మాకు ముగింపు తెలియలేదు. ఎవరివో మాటలు పొరపాటున చెవిన పడటం మీద 1948లోనే హాలీవుడ్‌లో ఒక సినిమా నడిచింది, దాని దగ్గరికి వస్తాను.

గంట కంటే గంటల మధ్య ఖాళీ

ఇది నేను స్టాప్‌వాచ్ పెట్టి చూసింది. అమెరికా సినిమాలో ఫోన్ గంట రెండు సెకన్లు మోగి నాలుగు సెకన్లు ఆగుతుంది. జపాన్‌లో ఒక సెకను మోగి రెండు సెకన్లు ఆగుతుంది. మన దగ్గర ట్రింగ్-ట్రింగ్ అని గబగబా రెండు కొట్టి రెండు సెకన్లు ఆగేది. అందుకే మన ఇళ్లలో ఫోన్ మోగితే తొందర పుట్టేది, పొయ్యి మీద పాలు వదిలేసి ఉరికేవాళ్లు. అమెరికా గంటలో తొందర లేదు. ఆ నాలుగు సెకన్ల ఖాళీ ఉంది చూశారా, డైరెక్టర్ అందులో కాపురం పెడతాడు. ఆ ఖాళీలోనే సినిమాలో ఒంటరిగా ఉన్న పిల్ల కిటికీ వైపు చూస్తుంది, మెట్ల వైపు చూస్తుంది, ఫ్రిజ్ గురగుర వినపడుతుంది. మళ్లీ మోగుతుంది.

కాబట్టి ఈ సినిమాలు చూసేటప్పుడు గంట మోగగానే ఫోన్ వైపు చూడకండి. ఆగాక మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి, గది మూలలు చూడండి. మంచి డైరెక్టర్ అయితే ఆ మూడో అంకె దగ్గర ఏదో ఒకటి చేస్తాడు. చేయకపోతే ఇంకా మంచి డైరెక్టర్.

గది, సౌండు, గిన్నె

పెద్ద టీవీ అవసరం లేదు. సౌండ్ మాత్రం కావాలి. చాలా ఇళ్లలో చేసే పొరపాటు, మాటలు వినపడటం లేదని రాత్రిపూట టీవీలో నైట్ మోడ్ లాంటిది పెట్టుకుంటారు. అది చిన్న సౌండ్లను పెంచి పెద్ద సౌండ్లను అణిచేస్తుంది. గుసగుస, గంట ఒకే ఎత్తులో వస్తాయి. ఇక భయం ఎక్కడిది? అది తీసేయండి. సినిమాలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే సీన్ పెట్టి, ఆ మాటలు కొంచెం చెవి పెట్టి వింటేనే అర్థమయ్యేలా వాల్యూమ్ తగ్గించుకోండి. అప్పుడు గంట దానంతటదే గుండెలో మోగుతుంది. ఫ్యాన్ కూడా ఆపగలిగితే ఆపండి. మే నెలలో హన్మకొండలో ఆపలేరు, నాకు తెలుసు. ఈ సినిమాలకు డిసెంబర్ మంచిది.

సబ్‌టైటిల్స్ సంగతి. ఇంగ్లీష్ అర్థమయ్యేవాళ్లు ఫోన్ సీన్ వచ్చినప్పుడు తీసేయడం మంచిది. అవతలి గొంతు పలికేలోపే అక్షరాలు తెర మీద పడిపోతాయి. కొన్నిటిలో ఎవరు మాట్లాడుతున్నారో పేరు కూడా వేసేస్తారు, అయిపోయింది, దొంగ దొరికాడు. జపాన్, కొరియా సినిమాలకు తప్పదు, పెట్టుకోండి. కానీ చదివి వెంటనే ముఖం వైపు చూడటం అలవాటు చేసుకోండి.

అందరి ఫోన్లూ తీసుకుని పక్క గదిలో స్టీలు గిన్నెలో వేయండి. సైలెంట్‌లో పెట్టనివ్వకండి, వైబ్రేషన్‌లో పెట్టమనండి. సినిమా మధ్యలో గిన్నెలో ఒక ఫోన్ గర్ర్‌మంటే నలుగురూ లేచి నిలబడతారు, ఎవరిది మోగిందో చూడటానికి ఎవడూ పోడు. మా ఇంట్లో ఆ ఫోన్ చేసేది ఎక్కువగా క్రెడిట్ కార్డు వాళ్లే.

నేను వరంగల్‌లో పాత సామాన్ల కొట్టులో 300 రూపాయలకు ఒక డయల్ తిప్పే నల్ల ఫోన్ కొన్నాను. టీవీ పక్కన స్టూలు మీద పెడతాను. దానికి తీగ లేదు. లోపల రెండు ఇత్తడి గిన్నెల్లాంటి గంటలు, మధ్యలో చిన్న సుత్తి ఉంటాయి, అడుగు పలక విప్పితే కనపడతాయి. సినిమాకు ముందు పిల్లలకు డయల్ తిప్పి చూపించండి. తొమ్మిది తిప్పితే అది వెనక్కి వచ్చేదాకా ఆగాల్సిందే. చావు ముంచుకొస్తుంటే ఆ ఒక్క తొమ్మిది వెనక్కి రావడానికి ఎంత సేపు పడుతుందో వేలితో తెలుసుకోవాలి. 1954లో హిచ్‌కాక్ "డయల్ ఎం ఫర్ మర్డర్" తీసినప్పుడు డయల్‌ను దగ్గరగా చూపించడానికి పెద్ద డయల్, పెద్ద వేలు బొమ్మలు చేయించి తీశాడు. అది దయ్యం సినిమా కాదులే, కానీ ఆ ఒక్క షాట్ చూశాక మా పిల్లలు ఆ నల్ల ఫోన్‌ను వేరే కంటితో చూశారు. ఒక జాగ్రత్త: దాన్ని మోగించాలని ఇంటి కరెంటుకు కలపకండి. 230 వోల్టులకు ఆ చుట్ట కాలుతుంది, మీరూ కాలతారు. అడుగు పలక విప్పి ఆ సుత్తిని వేలితో ఆడించండి, చాలు.

ఏ వరుసలో చూడాలి

రాత్రికి ఒకటే. వారానికి ఒకటైతే మరీ మంచిది. వరుస ఎందుకంటే, ఈ సినిమాలన్నిటిలో ఒక కథ నడుస్తుంది: తీగ కథ. ప్రతి సినిమాలో ఒక్క ప్రశ్న వేసుకోండి, తీగ ఎక్కడుంది? మొదట్లో తీగ మనిషిని కట్టేస్తుంది. తర్వాత తీగ పోయి ఫోన్ మనిషి వెంట తిరుగుతుంది. చివరికి ఫోన్ మనిషి జేబులోకి వచ్చి కూర్చుంటుంది. భయం కూడా అట్లే దగ్గరికి జరుగుతూ వస్తుంది.

మొదటి రాత్రి 1948 నాటి "సారీ, రాంగ్ నంబర్". బార్బరా స్టాన్‌విక్ మంచం మీద నుంచి లేవలేని మనిషి, పక్కన ఫోన్. లైన్లు కలిసి ఎవరో ఇద్దరు ఒక హత్య గురించి మాట్లాడుకోవడం వింటుంది. మొదట 1943లో రేడియో నాటకంగా వచ్చింది, రాసింది లూసిల్ ఫ్లెచర్. రేడియోలో పుట్టింది కాబట్టే గొంతులకు అంత బలం. నలుపు తెలుపు అని పిల్లలు గొణుగుతారు, పట్టించుకోకండి. ఇందులో దయ్యం లేదు. కానీ ఊరంతటితో మాట్లాడగలిగిన మనిషి మంచం దిగలేకపోవడం కంటే పెద్ద దయ్యం ఏముంది? మధ్యలో కథ చాలాసార్లు వెనక్కి పోతుంది, కొంచెం సాగుతుంది. ఓపిక పట్టండి.

తర్వాత మారియో బావా 1963లో తీసిన "బ్లాక్ సబాత్". మూడు కథల సినిమా, అందులో ఒక కథ పేరే "టెలిఫోన్". ఒక ఆడపిల్ల, ఒక ఫ్లాట్, ఒక రాత్రి. ఒకటే గది లాంటిది కాబట్టి ముఖం చదవడం నేర్చుకోవడానికి ఇది బాగుంటుంది. ఇటాలియన్ ప్రతినే వెతుక్కోండి. అమెరికాలో విడుదల చేసినప్పుడు ఆ ఫోన్ కథను మార్చి దయ్యం కథ చేశారు. చేయకుండా ఉంటే బాగుండేది. మనిషి చేసే ఫోన్‌కు భయపడ్డంతగా దయ్యం చేసే ఫోన్‌కు భయపడం. దయ్యానికి నంబర్ ఎవరిచ్చారని అడుగుతాం.

మూడోది "బ్లాక్ క్రిస్మస్", 1974, కెనడా, బాబ్ క్లార్క్. హాస్టల్ లాంటి ఇంట్లో అమ్మాయిలు, సెలవులకు ఇళ్లకు పోయే రోజులు, పదేపదే ఒక ఫోన్. ముందే చెబుతున్నాను, ఆ ఫోన్లో మాటలు చాలా బూతులు. పెద్దవాళ్లు హాల్లో ఉన్నప్పుడు పెట్టకండి, నేను పెట్టి మా బావమరిది ముందు తల దించుకున్నాను. నాలాంటి ఫోన్ మనిషికి మాత్రం ఇందులో పండగ లాంటి సీన్ ఉంది. ఫోన్ ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడానికి టెలిఫోన్ ఉద్యోగి ఎక్స్‌ఛేంజ్‌లో బీరువాల్లాంటి వరుసల మధ్య ఉరుకుతుంటాడు. ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు, టకటక చప్పుళ్ల వెంట. అప్పట్లో ట్రేస్ చేయడం అంటే నిజంగా అంతే, కాల్ ఏ దారిన వచ్చిందో కాళ్లతో వెనక్కి నడుచుకుంటూ పోవడం. అందుకే పోలీసులు "ఎక్కువసేపు మాట్లాడించు" అంటారు. అది సినిమా మాట అనుకునేవాణ్ని చాలా రోజులు. ఇక్కడ పిల్లలకు సినిమా ఆపి చెప్పండి. నేను ఆపి పది నిమిషాలు చెప్పాను, "మామా, క్లాస్ అయిపోయిందా?" అన్నాడు మావాడు.

1979 నాటి "వెన్ ఎ స్ట్రేంజర్ కాల్స్" కూడా ఈ గుంపులోదే. ఫ్రెడ్ వాల్టన్ దర్శకుడు, కరోల్ కేన్ పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయి. పిల్లలు పైన పడుకున్నారు, ఫోన్ చేసేవాడు వాళ్ల గురించి అడుగుతాడు. మొదటి ఇరవై నిమిషాలు చూసి ఆపి, లేచి మంచినీళ్లు తాగి, ఇంటి తలుపులన్నీ వేసి ఉన్నాయో లేదో చూసుకుని రండి. తర్వాత మిగతా సినిమా చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా మాట వింటే వద్దు. ఆ మొదటి భాగం ముందు మిగతాది చప్పగా ఉంటుంది. అసలు ఆ డైరెక్టర్ అదే కథను ముందు చిన్న సినిమాగా తీశాడు, అంత వరకే ఉన్నా బాగుండేది.

ఇక్కడ తీగ తెగుతుంది. 1996, "స్క్రీమ్", వెస్ క్రేవెన్. మొదటి పన్నెండు పదమూడు నిమిషాలు డ్రూ బ్యారీమోర్ చేతిలో కార్డ్‌లెస్ ఫోన్. అంతకు ముందు సినిమాల్లో ఆడపిల్ల ఫోన్ దగ్గరికి పోవాలి. ఇందులో ఫోన్ ఆమె వెంట వస్తుంది, వంటింట్లోకి, హాల్లోకి, కిటికీ దగ్గరికి. ఇల్లంతా బూత్ అయిపోయింది. పొయ్యి మీద పాప్‌కార్న్ పెడుతుంది చూడండి, అది ఉబ్బుతూనే ఉంటుంది. గడియారం చూపించకుండా టైమ్ చూపించడం అంటే అది. మన దగ్గర తీస్తే కుక్కర్ పెట్టాలి, మూడు విజిళ్లకు కథ తేలిపోవాలి. ఫోన్లో ఆ గొంతు రోజర్ జాక్సన్ అనే ఆయనది. షూటింగ్‌లో ఆయన నిజంగానే ఫోన్లో మాట్లాడేవాడు, నటులకు మాత్రం కనపడనివ్వలేదు. మీరు కూడా చూసే ముందు ఆయన ఫోటో వెతక్కండి. ముఖం తెలిసిన గొంతుకు ఎవరు భయపడతారు?

తర్వాత జపాన్. 1998లో హిడియో నకటా తీసిన "రింగు" అందరికీ తెలుసు. వీడియో క్యాసెట్ చూసినవాడికి ఫోన్ వస్తుంది, వారం రోజులకు చావు. అందులో అసలు భయం క్యాసెట్‌ది అనుకుంటాం, కానీ నాకు మాత్రం క్యాసెట్ ఆగాక మోగే ఆ ఫోన్‌దే అసలు భయం. 2002లో హాలీవుడ్‌లో మళ్లీ తీశారు. రెండింట్లో ఒకటే చూస్తానంటే జపాన్‌దే చూడండి.

దాని వెనకే తకాషీ మీకే తీసిన "వన్ మిస్డ్ కాల్". సెల్‌ఫోన్‌కు మిస్డ్ కాల్ వస్తుంది, చేసిన నంబర్ మనదే, తేదీ మాత్రం రాబోయేది. మెసేజ్‌లో మన గొంతే, చచ్చిపోయే ముందు. ఇది చూస్తున్నప్పుడు మా ఇంట్లో నవ్వారు. తప్పు సినిమాది కాదు, మనది. మన దగ్గర మిస్డ్ కాల్ అంటే "కాజీపేట దిగిన, బండి తీసుకుని రా" అని. ఒకటిస్తే దిగినట్టు, రెండిస్తే ఆకలేస్తున్నట్టు. పైసా ఖర్చు లేని మాట అది. దానికి భయపడమంటే ఎట్ల? కాబట్టి ఈ సినిమా ముందు పిల్లలకు ఒక్క ముక్క చెప్పండి: మిస్డ్ కాల్ ఇచ్చినవాడికి మనం తిరిగి చేయగలం, ఇక్కడ తిరిగి చేస్తే మనకే వస్తుంది. అప్పుడు నవ్వు ఆగుతుంది. ఆ రింగ్‌టోన్ కూడా ఆ ఫోన్లో ఎవరూ పెట్టుకున్నది కాదు. అది మోగినప్పుడు అందరూ ఎవరిదో అని చుట్టూ చూస్తారు కదా, ఆ చూపే సినిమా.

మన దేశంలో నేను చూసినవాటిలో రెండు చెబుతాను. విక్రమ్ కె. కుమార్, తర్వాత మనకు "మనం" తీసినాయన, 2009లో మాధవన్‌తో "13బి" తీశాడు. భయం టీవీ సీరియల్‌ది, కానీ కొత్త ఫ్లాట్‌లో హీరో సెల్‌ఫోన్‌తో తీసుకున్న ఫోటో వంకర పోయి వస్తుంది. ఆ చిన్న ముక్క సీరియల్ కంటే ఎక్కువ గుర్తుండిపోయింది నాకు. రెండోది మలయాళం, 2021, మంజు వారియర్ నటించిన "చతుర్ముఖం". ఇందులో ఫోన్ ద్వారా ఎవరో రారు, ఫోనే పట్టుకుంటుంది. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసే పిల్లలుంటే వాళ్లకు ఇదే మొదట పెట్టండి, వరుస తప్పినా పర్వాలేదు.

కొరియా వాళ్లు 2020లో "ద కాల్" తీశారు, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు, ఒకామె 1999లో, ఇంకొకామె ఇరవై ఏళ్ల తర్వాత, మధ్యలో ఒక కార్డ్‌లెస్ ఫోన్. మొదట ఇద్దరూ స్నేహంగా మాట్లాడుకుంటారు. అట్ల మొదలవడమే దాని గొప్ప. ఒక్కరే కూర్చుని చూడవద్దని చెప్పే సినిమా నా లిస్టులో ఇదొక్కటే. అదే ఏడాది లాక్‌డౌన్‌లో తీసిన "హోస్ట్" గంట కూడా ఉండదు, మొత్తం వీడియో కాల్‌లో నడుస్తుంది. దాన్ని టీవీలో చూడకండి, ల్యాప్‌టాప్‌లో చూడండి, చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. తెర లోపల ఉన్నట్టే మీరూ ఉంటారు.

చివరగా "ద బ్లాక్ ఫోన్". 1978, డెన్వర్. కిడ్నాప్ అయిన పిల్లవాడు, నేలమాళిగ, గోడకు ఒక నల్ల ఫోన్, తీగ తెగిపోయి ఉంటుంది. అయినా మోగుతుంది. మొదటి సినిమాలో తీగ ఉన్న ఫోన్ మనిషిని కాపాడలేకపోయింది. దీనిలో తీగ లేని ఫోన్ ఏం చేస్తుందో చూడండి. అందుకే దీన్ని చివర పెట్టాను. సినిమా అయ్యాక స్టూలు మీద ఉన్న మా నల్ల ఫోన్ వైపు అందరం ఒకేసారి చూశాం. మావాడు లేచి దాని మీద టవల్ కప్పి వచ్చాడు.

ముందే ఇంట్లో వాళ్లకు చెప్పండి

ఇది మొదట రాయాల్సింది. రాయబుద్ధి కాక ఇక్కడిదాకా తెచ్చాను.

మా అక్క మాతోనే ఉంటుంది. బావ మస్కట్‌లో పనిచేసేవాడు. మన జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంట్లో ఫోన్ అంటే ఏందో. శుక్రవారం పగలు మోగితే పండగ. రాత్రి రెండింటికి మోగితే ఎవరూ ఎత్తరు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. 2001లో మా ఇంట్లో రాత్రి మోగింది. ఎత్తింది అక్కే.

పోయిన ఏడాది డిసెంబర్లో "బ్లాక్ క్రిస్మస్" చూస్తున్నప్పుడు పిల్లల్ని అదరగొడదామని నేనొక తెలివి చేశాను. మన పాత ట్రింగ్-ట్రింగ్ గంట రికార్డింగ్ ఒకటి సంపాదించి, చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను నడిమింట్లో బీరువా మీద దాచి, సినిమాలో అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మోగించాను. పిల్లలు కెవ్వుమన్నారు. లోపల పడుకున్న అక్క చెప్పులు కూడా లేకుండా ఉరికి వచ్చింది. స్పీకర్ వైపు రాలేదు. కిటికీ పక్కన గూడు దగ్గరికి పోయింది. పాత ఫోన్ అక్కడుండేది. దాన్ని తీసేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడక్కడ మనీ ప్లాంట్ సీసా, దోమల బత్తి ఉన్నాయి. చేయి చాచి, ఫోన్ ఎత్తేంత ఎత్తులో, ఖాళీలో పెట్టింది. అప్పుడు తెలివొచ్చినట్టు చేయి వెనక్కి తీసుకుంది.

"ఏం ఆటలురా ఇవి" అంది నాతో. గట్టిగా కూడా అనలేదు.

అందుకని పద్ధతి ఇది. మీ ఇంట్లో, పక్క ఇంట్లో, గోడ కలిసిన వాటాలో ఎవరున్నారో చూసుకోండి. ఉత్త సినిమా గంట అయితే పెద్దగా ఇబ్బంది లేదు, అమెరికా గంట మన గంటలా ఉండదు, నిద్రలో కూడా మనది కాదని తెలిసిపోతుంది. మన గంట మాత్రం మోగించకండి. మోగించాలనే సరదా ఉంటే పగలు మోగించండి, అందరికీ చెప్పి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, పదేళ్లలోపు పిల్లలకు ఈ లిస్టులో ఏదీ వద్దు. కొడుకో మొగుడో దూరదేశంలో ఉన్న మనిషికి చూపించాలా అంటే, ఆమెను అడగండి. ఆమె తరఫున మీరు జవాబు చెప్పకండి.

నేను అడగకుండా వదిలేశాను. ఒక శనివారం మధ్యాహ్నం అక్కే వచ్చి "ఆ ఫోన్ సినిమా ఏందో పెట్టు, గంత భయమేందో చూస్త" అంది. బాగా ఆలోచించి "సారీ, రాంగ్ నంబర్" పెట్టాను, కిటికీలు తెరిచి, వెలుగులో, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ. ఇంగ్లీష్ రాదు, నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను. అక్క ముఖం ఎటు తిరుగుతుందా అని నా పాత అలవాటు కొద్దీ చూస్తున్నాను. టీవీ వైపే ఉంది. ఒకచోట ఫోన్ మోగి ఆగింది, మళ్లీ మోగి ఆగింది.

"గంత సేపు ఆగి ఆగి కొడుతదేందిరా వాళ్ల ఫోను," అంది అక్క. "మన ఫోనైతే ఈపాటికి ఎత్తి, మాట్లాడి, పెట్టేసేటోళ్లం."

చిక్కుడుకాయలు అయిపోయాయి, సినిమా ఇంకా ఉంది. లోపలికి పోయి ఉల్లిగడ్డలు తెచ్చుకుని మళ్లీ కూర్చుంది.